అరసున్నను ఎవరూ చెరపలేదు
పైథాన్ స్టీరింగ్ కౌన్సిల్‌కు బహిరంగ లేఖ



ఏటా అక్టోబరులో పైథాన్ కొత్త వెర్షన్ వస్తుంది. ఆ తర్వాత కోర్ డెవలపర్లు ఓట్లు వేసి మీ అయిదుగురిని ఎన్నుకుంటారు. కొత్త వెర్షన్ రాగానే కుర్రాళ్లంతా ఏం చేర్చారో చూస్తారు. నేను మాత్రం ఏం తీసేశారో ముందు చూస్తాను. పేపరు రాగానే శ్రద్ధాంజలి ప్రకటనలు ముందు చూసే పెద్దాయన అలవాటు లాంటిదే ఇదీ. విజయవాడలో పుస్తకాలు వేసే ఒకరిద్దరు మిత్రులకు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిపెడుతుంటాను. అవి ఒకసారి రాస్తే పదేళ్లు వాడతారు. పదేళ్లు వాడే వస్తువుకు కొత్తగా ఏం వచ్చిందన్నదాని కంటే ఏం పోయిందన్నదే ముఖ్యం.

భాషలోంచి పాతదాన్ని ఎప్పుడు తీసెయ్యాలన్నదే ఈ లేఖలో విషయం. పైథాన్ ఒకసారి లోకాన్నంతా ఏడిపించి మంచి పని చేసింది. తర్వాత ఎవరినీ పెద్దగా ఏడిపించకుండానే ఒక పొరపాటు చేసింది. నా లెక్కలో మొదటిదే మేలు. ఎందుకో చెబుతాను. తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు, ఇందులో సగం కథ తెలుగు అక్షరాలదే.

మా దగ్గర పుస్తకాలను చాలాకాలం అను ఫాంట్లలో కంపోజ్ చేశారు, ఇప్పటికీ చేసేవాళ్లున్నారు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం అక్షరంగా ఉండదు. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, ఒత్తు ఇంకోచోట, ఒక్కొక్క ముక్క ఏదో ఒక ఇంగ్లిష్ గుర్తు చోట దాక్కుని ఉంటుంది. ఫాంటు తీసేస్తే పేజీ నిండా పిచ్చిగీతలే. ఆ ముక్కల్ని ఏరి, సరైన వరసలో పేర్చి యూనికోడ్ తెలుగుగా మార్చే స్క్రిప్టు ఒకటి 2011లో పైథాన్ 2.7లో రాశాను. రాయడానికి రెండు వారాలు పట్టింది. అందులో మూడు రోజులు ముక్కలు పేర్చడానికి, మిగతాదంతా పైథాన్‌తో కుస్తీకి.

పైథాన్ 2లో మామూలు స్ట్రింగ్ అంటే బైట్ల వరస. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ప్రతిదానికీ మూడు బైట్లు పడతాయి. అచ్చుకీ హల్లుకీ కొమ్ముకీ గుడికీ అన్నిటికీ మూడే. కాబట్టి ‘తెలుగు’ అన్న మాట పొడవు ఎంత అని అడిగితే 18 అనేది. ఆ మాటలో మొదటి పది కోసి ఇమ్మంటే, ‘తెల’ చేతిలో పెట్టి, లకారం కింది కొమ్ములో మూడో వంతు తెంపి దాని పక్కన పెట్టేది. తెరమీద అది నల్ల డైమండులో ప్రశ్నార్థకంలా కనిపించేది. పేజీకి ఇన్ని అక్షరాలని కోసే ప్రోగ్రాముల్లో ఆ డైమండ్లు ఎన్ని చూశానో లెక్కలేదు.

అది చిన్న జబ్బు. పెద్దది ఇంకోటి ఉంది. పైథాన్ 2లో యూనికోడ్ అనే రెండో రకం స్ట్రింగ్ కూడా ఉండేది. ఈ రెండూ ఒకచోట కలిస్తే, బైట్లన్నీ ఆస్కీవే అయ్యుంటాయని ధీమాగా అనుకుని పైథాన్ తనంతట తానే మార్చేసుకునేది. ఆస్కీ 127 దగ్గర ఆగిపోతుంది. తెలుగు గుర్తులో మొదటి బైటు ఎప్పుడూ 224. అంటే ఫారంలో పేరును ఇంగ్లిష్‌లో రాసినంతకాలం ప్రోగ్రాము పువ్వులా నడుస్తుంది, మొదటి తెలుగు పేరు వచ్చిన క్షణాన కుప్పకూలుతుంది. రాసినవాడు తన కంప్యూటరు మీద వందసార్లు పరీక్షించినా తప్పు దొరకదు, వాడి పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంటుంది కదా. వాడుకునేవాడికి మాత్రం మొదటి రోజే దొరుకుతుంది. ఆ ఎర్రర్ చూసి చూసి, దాన్ని మా మిత్రబృందంలో ‘రెండువందల ఇరవైనాలుగు’ అనే పిలిచేవాళ్లం. ఎవరైనా ఫోన్ చేసి “ఇవాళ కూడా రెండువందల ఇరవైనాలుగే” అంటే ఇంకేం అడగక్కర్లేదు.

2008 డిసెంబరు 3న వచ్చిన పైథాన్ 3.0 దీన్ని తీసేసింది. స్ట్రింగ్ అంటే ఇక గుర్తుల వరస, బైట్లు వేరే రకం, రెంటినీ కలపాలంటే ఏ ఎన్‌కోడింగో నోరు తెరిచి చెప్పాల్సిందే. ‘తెలుగు’ పొడవు 18 నుంచి 6కి దిగింది. మా ఇంట్లో ఒకటో తరగతి పిల్ల దాన్ని 3 అంటుంది, పైథాన్ ఇప్పటికీ అంత దూరం రాలేదు. అయినా ఆరు ఎందుకో పిల్లకు చెప్పగలను, పద్దెనిమిది ఎందుకో చెప్పలేను.

ఈ మార్పును తిట్టినవాళ్లు తక్కువేం కాదు. నడుస్తున్న ప్రోగ్రాముల్ని ఎందుకు విరగ్గొట్టారన్నారు. వాళ్ల ప్రోగ్రాములు నిజంగానే నడుస్తున్నాయి, వాళ్ల అక్షరాలు 127 లోపలే ఉన్నాయి కాబట్టి. పాత పద్ధతి వల్ల వాళ్లకు ఏ నష్టమూ లేదు, నష్టమంతా తెలుగువాడికి, తమిళుడికి, జపానువాడికి. పాతదాన్ని తీసెయ్యాలా వద్దా అని అడిగేటప్పుడు ‘ఇది ఎంతమందికి పనిచేస్తోంది’ అన్న ప్రశ్న ఒక్కటే వేస్తే ఎప్పటికీ తీసెయ్యలేరు. ‘ఇది ఎవరికి చప్పుడు లేకుండా తప్పు జవాబు ఇస్తోంది’ అని కూడా అడగాలి. నాకు పైథాన్ 3 వల్ల పోయిన రోజులు చాలానే ఉన్నాయి. పోతే పోయాయి.

భాగహారం కథ కూడా ఇలాంటిదే, ఇంకొంచెం తమాషాది. పైథాన్ 2లో 7ను 2తో భాగిస్తే 3 వచ్చేది. అరను మింగేసేది. ఇది తప్పని 2001లోనే ఒప్పుకున్నారు. పెప్ 238 అనే మార్పు ప్రతిపాదన రాశారు, ముక్క మిగలని భాగహారానికి జంట గీతల గుర్తు ఒకటి అదే ఏడాది పైథాన్ 2.2తో ఇచ్చారు, కొత్త అర్థం కావాలంటే పై వరసలో ఒక మాట రాసుకోమన్నారు. అసలు అర్థాన్ని మార్చింది మాత్రం ఏడేళ్ల తర్వాత, 3.0లో. ముందు కొత్త గుర్తు చేతికిచ్చి, అది అలవాటయ్యాక పాతదాని అర్థం మార్చడం. ఇంత మర్యాదగా జరిగిన మార్పు ఏ భాషలోనైనా అరుదు.

ఆ మర్యాదను నేను వాడుకోలేదనుకోండి. పుస్తకానికి ఎన్ని ఫారాలు పడతాయో లెక్కగట్టే చిన్న ప్రోగ్రాము ఒకటి మిత్రుడికి రాసిచ్చాను. ఫారానికి 16 పేజీలు. దాన్ని పైథాన్ 3కి మార్చినప్పుడు భాగహారం గుర్తు సంగతి మరిచిపోయాను. వారం తర్వాత ప్రెస్సు నుంచి ఫోన్: “అన్నా, 200 పేజీల పుస్తకానికి నీ ప్రోగ్రాము పన్నెండున్నర ఫారాలు అంటోంది, ఇదివరకు పన్నెండే అనేది.” తప్పు నాదే, సరిచేస్తానని కూర్చున్నాను. కూర్చున్నాక వెలిగింది. 200ను 16తో భాగిస్తే పన్నెండున్నరే. చివరి ఎనిమిది పేజీలకు అర ఫారం కావాలి. ఇన్నేళ్లూ నా ప్రోగ్రాము ఆ అర ఫారాన్ని మింగుతూ వచ్చింది, ప్రెస్సులో పెద్దాయన ఎవరికీ చెప్పకుండా చేత్తో కలుపుకుంటూ వచ్చాడు. నాకు తెలిసింది భాష మారినందువల్లే.

ఇదంతా మంచి పని ఖాతాలో. అదే 3.0లో చేసిన ఇంకో పని చూడండి. పైథాన్ 2లో యూనికోడ్ స్ట్రింగ్ కావాలంటే కోట్ గుర్తు ముందు ‘యు’ అని ఒక అక్షరం పెట్టేవాళ్లం. తెలుగు ప్రోగ్రాములన్నీ ఆ ‘యు’లతో నిండిపోయి ఉండేవి. 3.0లో స్ట్రింగులన్నీ యూనికోడే కాబట్టి ఆ ‘యు’ అక్కర్లేదన్నారు. నిజమే, అక్కర్లేదు. అక్కర్లేనిది ఉంటే ఏం? అది ఎవరి లెక్కా తప్పించదు, ఎవరి పేరూ చెడగొట్టదు. అయినా తుడిచేశారు. దాంతో ఒకే ఫైలు పైథాన్ 2లోనూ 3లోనూ నడిచే దారి బాగా ఇరుకైపోయింది. ఏ ‘యు’ల వల్ల పాత పైథాన్‌లో మా తెలుగు బతికిందో, ఆ ‘యు’ల వల్లే కొత్త పైథాన్ గడప దగ్గర ఆగిపోయాం. నాలుగేళ్లకు, 2012లో, పెప్ 414తో 3.3లో దాన్ని తిరిగి పెట్టారు. 3.0లో పీకేసిన కాలబుల్ అనే ఫంక్షన్ 3.2లో వెనక్కి వచ్చింది. బైట్లలో శాతం గుర్తుతో ఫార్మాట్ చేసే సౌకర్యం 3.5లో వెనక్కి వచ్చింది. ఇల్లు సర్దుతూ పాత సామానుతో పాటు తాళంచెవులు కూడా వీధిలో పారేసి, మళ్లీ చెత్తకుప్పలో వెతుక్కున్నట్టయింది.

పైథాన్ 2 నుంచి 3కి లోకం మారడానికి పదకొండేళ్లు పట్టడానికి ఇదొక కారణం. మొదట ఇచ్చిన మార్పిడి పనిముట్టు ఒకవైపే పోయేది, ఒకసారి మార్చేస్తే పాత పైథాన్‌లో ఇక నడవదు. లైబ్రరీ రాసేవాడు పాత వాడుకరుల్ని వదులుకోలేడు, వాడుకరులు లైబ్రరీ మారేదాకా కదలలేరు. ‘ముందు మీరు’, ‘కాదు ముందు మీరు’ అంటూ ఇద్దరూ గుమ్మంలోనే నిలబడ్డారు. రెంటిలోనూ నడిచేలా రాయడం సిక్స్ అనే చిన్న లైబ్రరీ వల్ల తేలికయ్యాకే గుమ్మం ఖాళీ అయింది. రెండు మూళ్లు ఆరు, అదీ ఆ పేరు వెనక కథ. మొదట 2015 అన్న గడువును 2020 జనవరి 1కి జరిపారు. 2.7కు చివరి విడుదల 2020 ఏప్రిల్ 20న వచ్చింది. హైదరాబాద్ అమీర్‌పేట జిరాక్స్ షాపుల్లో అమ్మే నోట్సులో, పైథాన్ 3 అడిగే బ్రాకెట్లు ప్రింట్ పక్కన చేరడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఆ నోట్సు చూసి అచ్చుగుద్దినట్టు టైపు చేసి, ఎందుకు నడవలేదో తెలియక తల పట్టుకున్న పిల్లల్ని నేనే చాలామందిని చూశాను. వాళ్ల సంగతి మళ్లీ వస్తుంది.

మిగతా భాషల్లో తీసేసినవాటిలో నాకు ఏ అనుమానమూ లేనివి కొన్ని ఉన్నాయి. సీ భాషలో గెట్స్ అనే ఫంక్షన్ ఉండేది. వచ్చిన వరసంతా మెమరీలోకి చదివేస్తుంది, మనం ఇచ్చిన చోటు ఎంతో దానికి తెలియదు, చెప్పే వీలూ లేదు. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను కుదిపేసిన మోరిస్ వర్మ్ దూరిన దారుల్లో ఒకటి ఆ ఫంక్షనే. ఎంత జాగ్రత్తపరుడైనా దాన్ని భద్రంగా వాడే పద్ధతి అంటూ ఒకటి లేదు. అలాంటిదాన్ని ప్రమాణంలోంచి తీసెయ్యడానికి 2011 దాకా ఆగారు. పీహెచ్‌పీలో రిజిస్టర్ గ్లోబల్స్ అని ఇంకోటి. ఫారంలో ఎవడేం టైపు చేస్తే అది ప్రోగ్రాములో వేరియబుల్ అయి కూర్చునేది. దాన్ని 2002లో అడిగితే తప్ప పనిచెయ్యకుండా ఆపేసి, 2012లో పూర్తిగా తీసేశారు. ఈ రెంటి విషయంలో నా ఫిర్యాదల్లా ఆలస్యమే.

ఇక పొరపాటు సంగతి. పెప్ 594కు మీరు పెట్టుకున్న పేరు ‘చచ్చిన బ్యాటరీలు’. బ్యాటరీలతో సహా వస్తుందన్నది పైథాన్ పాత గొప్ప కాబట్టి పేరు బాగానే కుదిరింది. 19 మాడ్యూళ్లు. 2022లో 3.11తో హెచ్చరిక మొదలైంది, 2024 అక్టోబరు 7న వచ్చిన 3.13తో అన్నీ పోయాయి. వెబ్ ఫారాలను చదివే సీజీఐ, పాత నెట్‌వర్క్ పరికరాలతో మాట్లాడే టెల్‌నెట్‌లిబ్, బొమ్మ ఫైలు ఏ రకమో చెప్పే ఇమ్‌జీహెచ్‌డీఆర్, ఇంకా ఎవరూ పేరు కూడా వినని సంగీతం ఫైళ్ల మాడ్యూళ్లు.

మీ వైపు న్యాయం నాకు తెలుసు. వీటిని చూసుకునే మనిషి లేడు. తప్పు దొరికితే దిద్దాల్సింది జీతం లేని వాలంటీరు. సీజీఐ కాలం ఎప్పుడో దాటిపోయింది, పాస్‌వర్డులను కప్పిపెట్టే క్రిప్ట్ మాడ్యూల్ ఇచ్చే రక్షణ ఈ రోజుల్లో రక్షణే కాదు. పైథాన్ పుట్టింది 1991లో, మూడు దశాబ్దాల సామాను మోస్తూ ఎవరూ నడవలేరు. వాటిని తీసేశారని కాదు నా బాధ. బయట ఇంకొకరు చూసుకుంటామంటే వేరే ప్యాకేజీగా బతకొచ్చు. సీజీఐకి లెగసీ-సీజీఐ పేరుతో అలాంటిది ఉంది కూడా.

నా అభ్యంతరం తేదీల దగ్గర. ఒక డీటీపీ సెంటర్ ఊహించుకుందాం. అక్కడ విండోస్ 7 కంప్యూటర్ ఉంది. విండోస్ 7 మీద నడిచే చివరి పైథాన్ 3.8. దానికి మీరు భద్రతా మరమ్మతులు 2024 అక్టోబరు దాకా ఇస్తామన్నారు, ఇచ్చారు. అంటే ఆ సెంటర్ వాళ్లు మీరు చెప్పిన గడువు లోపలే ఉన్నారు, ఎక్కడా బద్ధకించలేదు. గడువు ముగిసిందని కొత్త కంప్యూటర్ కొన్నారు, అప్పుడే వచ్చిన 3.13 వేసుకున్నారు. సీజీఐ లేదు. హెచ్చరిక ఎప్పుడు ఇచ్చారు? 3.11లో, 3.12లో. ఆ రెండు గదుల్లోకీ వాళ్లు అడుగే పెట్టలేదు. మీ మాట తు.చ. తప్పకుండా విన్న మనిషికి మీ హెచ్చరిక ఒక్కసారైనా వినపడలేదు. రెండు వెర్షన్ల పాటు హెచ్చరించాం కదా అంటారు. ఆ లెక్క ప్రతి మెట్టూ ఎక్కేవాడికి సరిపోతుంది. చిన్న ఊళ్లలో, చిన్న ఆఫీసుల్లో మెట్లు ఎక్కరు. కంప్యూటర్ పాడైనప్పుడు ఒకేసారి అయిదు మెట్లు దూకుతారు.

దీనికి తోడు ఆ హెచ్చరికల్లో చాలాభాగాన్ని 2.7 నుంచి, 3.2 నుంచి మామూలు వాడుకరికి కనిపించకుండా దాచేశారు. 3.7లో కొంచెం తెర తీశారు, అదీ నేరుగా నడిపే ఫైలులో ఉన్న తప్పులకు మాత్రమే. ప్రోగ్రాము వాడేవాళ్లను విసిగించకూడదన్న మీ ఉద్దేశం మంచిదే. కానీ ఇప్పుడు నడుస్తున్న పైథాన్ ప్రోగ్రాముల్లో రాసినవాడు పక్కన లేనివి ఎన్నో. రాసినవాడు ఉద్యోగం మారాడు, లేదా అమెరికా వెళ్లాడు, లేదా చనిపోయాడు. వాడుతున్నవాడికి కూడా చెప్పకపోతే ఇంక చెప్పేదెవరికి?

ఇక్కడ మా భాషలో జరిగింది ఒకటి చెప్పాలి. తెలుగులో అరసున్న అని ఒక గుర్తు ఉంది. పాతకాలంలో ‘ఏడు’ అంటే అంకె, మధ్యలో అరసున్న పెట్టి ‘ఏఁడు’ అంటే సంవత్సరం. శకటరేఫ అనీ బండి ఱ అనీ ఇంకో అక్షరం ఉంది. గిడుగు రామమూర్తి గారి కాలంలో వాడుక భాష కోసం జరిగిన పెద్ద పోరు తర్వాత, పుస్తకాల్లోంచి, పత్రికల్లోంచి ఇవి మెల్లగా జారిపోయాయి. ఇవాళ నేను అరసున్న రాయను, నా పిల్లకు నేర్పను. కానీ పాత పుస్తకం తీస్తే అందులో అరసున్న అక్కడే ఉంటుంది, దాన్ని దాటుకుంటూ చదివేస్తాను. యూనికోడ్‌లో దానికి చోటుంది. ఒకసారి ఇచ్చిన గుర్తును తీసెయ్యకూడదు, చోటు మార్చకూడదన్నది యూనికోడ్ వాళ్ల నియమం. ఇప్పుడు ఎవరూ రాయని ఌ కూడా అక్కడే కూర్చుని ఉంది. మేం రాయడం మానేశాం, చదవడం మానలేదు.

ప్రోగ్రామింగ్ భాషల్లో ఈ పద్ధతిని బాగా పట్టుకున్నది రస్ట్. అక్కడ ఎడిషన్లు ఉంటాయి: 2015, 2018, 2021, 2024. ఏ ప్రోగ్రాము ఏ ఎడిషన్‌లో రాసిందో దాని మీద రాసి ఉంటుంది. కొత్త కంపైలర్ అన్నిటినీ చదువుతుంది, పాత ఎడిషన్ ప్రోగ్రామూ కొత్త ఎడిషన్ ప్రోగ్రామూ కలిసి నడుస్తాయి. పైథాన్‌కు దీన్ని యథాతథంగా తొడగడం కష్టమని నాకు తెలుసు. మీ మెత్తని హెచ్చరిక మాత్రం దానికి దగ్గరిదే: కొత్తగా రాయకండి, ఉన్నది ఉంటుంది, తీసే ఆలోచన లేదు అని చెప్పడం. అది మీ విధానంలోకి వచ్చినప్పుడు నేను చాలా సంతోషించాను. అరసున్నకు మేం చేసింది సరిగ్గా అదే.

మరి పైథాన్ 2 స్ట్రింగును కూడా అలాగే చదువుతూ ఉండాల్సింది కదా అని అడగొచ్చు. కాదు. అరసున్న లేకపోయినా ‘ఏడు వారాల నగలు’ అన్నప్పుడు ఎవరూ సంవత్సరం అనుకోరు. చదివేవాడు మనిషి, సందర్భం చూసుకుంటాడు. పాత పైథాన్ బైట్లను ఆస్కీ అనుకున్నప్పుడు సందర్భం చూడలేదు, అడగలేదు, తప్పుగా చదివేసింది. చదవడంలోనే తప్పుంటే ఆ చదువు ఆపించాల్సిందే. ఆ లెక్కనే ఇంకోటి మీ చేతుల్లో ఉంది. విండోస్‌లో ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైలు తెరిస్తే పైథాన్ ఇంతకాలం ఆ కంప్యూటరుకు అలవాటైన పాత ఎన్‌కోడింగే అనుకుంటూ వచ్చింది, తెలుగు ఫైలు చెడిపోతూ వచ్చింది. 3.15 నుంచి యూటీఎఫ్-8 అనుకునేలా పెప్ 686ను ఆమోదించారు. దాని వల్ల కొందరి ప్రోగ్రాములు విరుగుతాయి, విరగనివ్వండి. ఎవరు ఎంత అరిచినా దాని నుంచి మాత్రం వెనక్కి తగ్గొద్దు.

వెనక్కి తగ్గాల్సిన చోట మీరు తగ్గిన సందర్భాలూ ఉన్నాయి. 3.10లో టైప్ సూచనల అర్థం మార్చబోయి, వాటి మీద ఆధారపడ్డ లైబ్రరీల వాళ్లు 2021 ఏప్రిల్‌లో గగ్గోలు పెడితే, విడుదలకు ముందే ఆగి, మంచి దారి వెతికారు. కలెక్షన్స్ మాడ్యూల్లో పాత పేర్లను 3.9లో తియ్యబోయి, పైథాన్ 2 అప్పుడే పోయింది, జనం ఊపిరి పీల్చుకోనివ్వండి అన్నట్టు ఒక వెర్షన్ ఆపారు. ఒకసారికి ఒక్క త్రెడ్‌నే నడవనిచ్చే గిల్ తాళం లేని పైథాన్‌ను తెస్తున్నప్పుడు కూడా మళ్లీ 2 నుంచి 3 లాంటి గండం రాకూడదని మొదటే తేల్చి చెప్పారు. చెబితే వింటారన్న నమ్మకం ఉంది కాబట్టే ఈ లేఖ.

నేను అడిగేవి రెండే. మొదటిది, ఏదైనా తీసేసే రోజున, ఇంకా మీ మద్దతు ఉన్న వెర్షన్లలో అన్నిటికంటే పాతది ఏదో చూడండి. ఆ హెచ్చరిక అందులో కూడా ఉండి ఉంటేనే తియ్యండి. మద్దతు అయిదేళ్లు కాబట్టి హెచ్చరికా అయిదేళ్లు. మీ పెప్ 387లో దీనికి దగ్గరి మాట ఇప్పటికే ఉంది: పాతదాని చోట కొత్తది వచ్చినప్పుడు, ఆ కొత్తది లేని చివరి వెర్షన్‌కు మద్దతు ముగిశాకే పాతదాన్ని తియ్యడం మంచిదని. కొత్తదానికి చూపిన ఆ ఓపిక హెచ్చరికకూ చూపండి. భద్రతకు ముప్పు ఉన్నవాటికి ఈ నియమం వద్దు, గెట్స్ లాంటివాటిని రేపే తీసెయ్యండి.

రెండోది ఇంకా చిన్నది. ఇందాక చెప్పిన అమీర్‌పేట నోట్సు పిల్లలు గుర్తున్నారా? వాళ్లు పైథాన్ 3లో బ్రాకెట్లు లేకుండా ప్రింట్ అని కొడితే, పైథాన్ ఊరికే తప్పు అనదు. ప్రింట్‌కు బ్రాకెట్లు లేవు, బ్రాకెట్లతో రాయాలనుకున్నావా అని అడుగుతుంది. అంటే ఎప్పుడో తీసేసిన ప్రింట్‌ను పైథాన్ ఇంకా గుర్తు పెట్టుకుంది, తెలియక అడిగినవాడికి దారి చూపిస్తోంది. ఆ ఒక్క వరస చదివి తనంతట తాను బాగుచేసుకున్న పిల్లలు మా ఊళ్లోనే ఎంతమందో.

3.13లో సీజీఐని పిలిస్తే వచ్చే జవాబు మాత్రం ఆ పేరుతో మాడ్యూల్ లేదు అని. ఎప్పుడూ లేనట్టే, మనమే ఏదో తప్పు పేరు కొట్టినట్టే. నలభై ఏళ్లు ఒకే వీధిలో ఉన్న మనిషి ఇల్లు మారాడు, పక్కింటివాళ్లను అడిగితే ‘అలాంటివాళ్లు ఇక్కడ ఎవరూ లేరండీ’ అని తలుపేసినట్టుంటుంది. ఆ జవాబు చోట మూడు ముక్కలు రాయండి: ఇది ఉండేది, ఫలానా వెర్షన్‌లో తీసేశాం, ఇప్పుడు ఫలానా చోట దొరుకుతుంది. పందొమ్మిది మాడ్యూళ్లు, పందొమ్మిది వరసలు. చూసుకునే మనిషి అక్కర్లేదు, ఎవరి భద్రతకూ ముప్పు లేదు. ప్రింట్‌కు చేశారు, మిగతావాటికీ చెయ్యండి.

ఇట్లు,
విజయవాడ నుంచి
ఒక పైథాన్ వాడుకరి